మసిపూసి మారేడుకాయ: మురుగు వాసనకు కార్బన్ ఫిల్టరు ఒక్కటే మందా?



మీరు బహుళ అంతస్తుల భవనంలో నివసిస్తున్నారా? అయితే మీ సెల్లారులోనో, ప్రహరీగోడ మూలలోనో మురుగునీటి శుద్ధి కేంద్రం ఒకటి ఉండవచ్చు. ‘ఎస్‌టీపీ’ అని మనమందరం పిలిచేది దానినే. ఆ కేంద్రంలోని గాలి ఏ గొట్టం గుండా బయటికి పోతున్నదో, ఆ గొట్టం ఎవరి కిటికీ ఎదుట తెరుచుకుంటున్నదో మీరు ఎప్పుడైనా చూశారా? ఆ గొట్టానికి ముందు ఒక కార్బన్ ఫిల్టరు డ్రమ్ము ఉన్నట్లయితే, అందులోని కార్బన్‌ను చివరిసారి ఎప్పుడు మార్చారో మీ అసోసియేషన్ చెప్పగలదా?

చాలాచోట్ల ఈ చివరి ప్రశ్నకు జవాబు ఉండదు. వాసన వస్తున్నదని నివాసులు గోల చేస్తే ఒక డ్రమ్ము బిగిస్తారు. కొన్నాళ్లకు వాసన తిరిగి వస్తుంది. అప్పుడు నిమ్మ వాసనో, గులాబి వాసనో వెదజల్లే స్ప్రే యంత్రం తెస్తారు. మురుగు వాసనకు పూల వాసన తోడై, రెండింటినీ కలిపి పీల్చే భాగ్యం కింది అంతస్తులవారికి దక్కుతుంది. దీనిని మన పెద్దలు మసిపూసి మారేడుకాయ చేయడం అన్నారు. ఇక్కడ పూసినది అక్షరాలా మసే.

నేను కార్బన్ ఫిల్టరుకు విరోధిని కాను. జనావాసాల నడుమ ఉన్న ఏ శుద్ధి కేంద్రమూ అది లేకుండా నడవరాదనే నా వాదన. అయితే మురుగును కుళ్లనిచ్చి, పైన ఒక డ్రమ్ము బిగించి, అందులోని బొగ్గును ఏళ్ల తరబడి మార్చకుండా ‘వాసన నియంత్రణ వ్యవస్థ ఉన్నది’ అని కాగితంపై రాసుకోవడం మోసం. ఆ మోసానికి బలి అయ్యేది ముందుగా మన ముక్కు. తరువాత, ఆ తొట్టెలలో పనిచేసే మనిషి ప్రాణం.

ఆ వాసన ఎక్కడ పుడుతున్నది?

మురుగునీటికి దుర్వాసన సహజ లక్షణమని చాలామంది నమ్మకం. ఇది సగమే నిజం. తాజా మురుగుకు ఉండే వాసన స్వల్పం. దానికి ఆక్సిజన్ అందక నిలిచిపోయినప్పుడు, నీటిలోని సల్ఫేటును వాడుకొని బ్రతికే ఒక జాతి బాక్టీరియా విజృంభిస్తుంది. అవి విడిచే వాయువే హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే మనం కుళ్లిన కోడిగుడ్డు వాసన అనేది. ఎండ ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో నీరు వెచ్చబడి ఈ ప్రక్రియ మరింత వేగంగా జరుగుతుంది.

సరిగా నడుస్తున్న శుద్ధి కేంద్రంలో బ్లోయర్లు నిరంతరం గాలిని తొట్టెలలోకి ఊదుతూ ఉంటాయి. ఆక్సిజన్ అందిన చోట వేరే సూక్ష్మజీవులు పనిచేస్తాయి. అటువంటి తొట్టె వద్ద నిలబడితే తడిసిన మట్టి వాసన వస్తుందే తప్ప కడుపులో తిప్పదు. కావున మీ సెల్లారులో కుళ్లుగుడ్డు వాసన వస్తున్నదంటే అది మురుగు సహజగుణం కాదు, నిర్వహణలో లోపం ఉన్నదనడానికి రోగలక్షణం.

ఆ లోపాలు ఏమిటో నిర్వాహకులకు తెలియనివి కావు. విద్యుత్తు బిల్లు తగ్గించడానికి రాత్రివేళ బ్లోయర్లను ఆపడం, అడుగున పేరుకున్న స్లడ్జ్ అనే బురదను సకాలంలో తీసి పిండకపోవడం, మురుగు మొదట చేరే తొట్టెలో నీటిని కదపకుండా గంటల తరబడి నిలవ ఉంచడం, తొట్టెల మూతలను సగం తెరిచి వదిలివేయడం. జ్వరానికి కారణం వెదకకుండా మాత్రలు మింగించే వైద్యుడిని మీరు క్షమిస్తారా? వీటిని సరిదిద్దకుండా ఫిల్టరు బిగించే కాంట్రాక్టరు చేస్తున్నది అదే పని.

బొగ్గు చేసే పని, చేయలేని పని

ఉత్తేజిత కార్బన్ అద్భుతమైన పదార్థం. కొబ్బరి చిప్పలను, కట్టెను లేదా రాతిబొగ్గును గాలి తగలకుండా కాల్చి, అత్యధిక ఉష్ణోగ్రత వద్ద ఆవిరితో శుద్ధి చేస్తే దానిలో కంటికి కనబడని కోట్ల రంధ్రాలు ఏర్పడతాయి. ఒక్క గ్రాము కార్బన్‌లోని రంధ్రాల గోడలను విప్పి పరిస్తే సుమారు 1,000 చదరపు మీటర్ల విస్తీర్ణం వస్తుంది. వాయువుల అణువులు ఈ గోడలకు అంటుకుపోతాయి. 1915లో రష్యా రసాయన శాస్త్రజ్ఞుడు నికొలాయ్ జెలిన్‌స్కీ ఈ గుణాన్నే ఆధారం చేసుకొని సైనికులకు విషవాయువుల నుండి రక్షణనిచ్చే ముసుగు తయారు చేశాడు.

వైద్యులకు ఇది పాత నేస్తం. విషం మింగి ఎమర్జెన్సీ విభాగానికి వచ్చిన పెద్దవారికి 50 గ్రాముల ఉత్తేజిత కార్బన్‌ను నీటిలో కలిపి పట్టించడం మాకు పరిచయమైన చికిత్స. కాని ఆ చికిత్స నేర్పేటప్పుడే మరి రెండు సంగతులు కూడ నేర్పుతారు. ఒకటి, అది అన్ని విషాలకూ పనికిరాదు. ఇనుము మాత్రలు, లిథియం, ఆల్కహాలు, ఆమ్లాలు, క్షారాలు, వీటిని అది పట్టుకోలేదు. రెండు, సమయం మించితే దాని వల్ల ప్రయోజనం తరిగిపోతుంది.

శుద్ధి కేంద్రపు డ్రమ్ములో ఉన్న కార్బన్‌కూ ఇవే పరిమితులు వర్తిస్తాయి. మామూలు కార్బన్ అనేక సేంద్రియ వాసనలను చక్కగా పట్టుకుంటుంది గాని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పెద్ద మోతాదులో పట్టుకోలేదు. అమ్మోనియాను అసలే సరిగా పట్టుకోదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కోసం కాస్టిక్ సోడా వంటి క్షారంతో తడిపి ఆరబెట్టిన కార్బన్‌నో, ఉత్ప్రేరక గుణం గల ప్రత్యేక కార్బన్‌నో వాడవలసి ఉంటుంది. చౌకగా దొరికిందని నీళ్ల ఫిల్టరులో వేసే కార్బన్‌ను తెచ్చి గాలి డ్రమ్ములో నింపితే, గుండెనొప్పి రోగికి విటమిన్ మాత్ర ఇచ్చినట్లే.

తేమ మరొక శత్రువు. మురుగు తొట్టెల పైనుండి వచ్చే గాలి నీటి తుంపరలతో నిండి ఉంటుంది. ఆ తుంపరలను ముందుగా ఆపే ఏర్పాటు లేకపోతే కార్బన్ రంధ్రాలు నీటితో పూడిపోతాయి. డ్రమ్ము బరువుగా ఉంటుంది, ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, వాసన మాత్రం యథాతథంగా దాటిపోతుంది. పైన పటారం, లోన లొటారం.

ఒక చిన్న లెక్క

కాంట్రాక్టరు మాటలకంటే లెక్క నమ్మదగినది. ఒక మధ్యతరహా అపార్ట్‌మెంటు శుద్ధి కేంద్రం నుండి గంటకు 1,000 ఘనపు మీటర్ల గాలిని ఫ్యాను లాగుతున్నదనుకుందాం. ఆ గాలి కార్బన్‌తో కనీసం రెండు సెకన్లు కలిసి ఉండాలంటే సుమారు 300 కిలోల కార్బన్ కావాలి. అది తన బరువులో ఐదవ వంతు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టుకోగల మేలురకమనుకుంటే, దాని మొత్తం శక్తి 60 కిలోలు.

ఇప్పుడు ఆ గాలిలో పది లక్షల భాగాలకు 20 భాగాల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నదనుకోండి. ఈ కొలతనే పీపీఎం అంటారు. 20 పీపీఎం అంటే ఘనపు మీటరుకు 28 మిల్లీగ్రాములు. గంటకు 28 గ్రాములు, రోజుకు సుమారు 670 గ్రాములు. 60 కిలోల శక్తి 90 రోజులలో అయిపోతుంది. మూడు నెలలు! తరువాత ఆ డ్రమ్ము ఒక ఇనుప అలంకారం మాత్రమే.

అదే కేంద్రంలో బ్లోయర్లను ఆపకుండా నడిపి, బురదను వేళకు తీసి, గాలిలోని వాయువును 5 పీపీఎంకు తగ్గించారనుకోండి. అదే 300 కిలోల కార్బన్ దాదాపు ఒక సంవత్సరం పనిచేస్తుంది. మూలాన్ని సరిదిద్దితే మందు ఖర్చు నాలుగవ వంతుకు దిగుతుంది. కరెంటు బిల్లులో మిగిల్చామని సంతోషించే కార్యవర్గాలు ఈ లెక్కను కూడ తమ సభ్యుల ముందు పెట్టాలి.

“వాసనతో ఎవరూ చావరు” అనేవారికి

భయపెట్టడం వైద్యుడి పని కాదు. కావున ఉన్నది ఉన్నట్లు చెబుతాను. న్యూజీలండ్‌లోని రొటోరువా నగరంలో భూగర్భ వేడినీటి బుగ్గల వల్ల గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఎల్లప్పుడూ ఉంటుంది. అక్కడి నివాసులను పరిశీలించిన శాస్త్రజ్ఞులకు జ్ఞాపకశక్తిలో, ఆలోచనాశక్తిలో దాని వల్ల కలిగిన హాని కనబడలేదు. అపార్ట్‌మెంటులోని పలుచని వాసన మెదడును తినివేస్తుందని ఎవరైనా మీతో చెబితే నమ్మనక్కరలేదు.

అయితే హాని అంటే మెదడు దెబ్బతినడం ఒక్కటేనా? రాత్రి కిటికీ తెరవలేని ఇల్లు, వాకిట్లో కూర్చోలేని వృద్ధులు, అన్నం ముద్ద ఎదుట వికారం, తలనొప్పి, నిద్రలేమి, వీటిని అనారోగ్యం కాదనడానికి ఏ వైద్యశాస్త్రం ఒప్పుకుంటుంది? తలనొప్పితో, వాంతి వికారంతో వచ్చిన రోగిని మేము రక్తపోటు గురించి, కంటిచూపు గురించి, భోజనం గురించి అడుగుతాము. మీ పడకగది కింద ఏమున్నదని అడిగే వైద్యులు అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కోసం వెలువరించిన గాలి నాణ్యత మార్గదర్శకాలలో, వాసన వల్ల ప్రజలకు ఇబ్బంది కలుగరాదంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అరగంట సగటు ఘనపు మీటరుకు 7 మైక్రోగ్రాములు మించరాదని చెప్పింది. ప్రాణహాని లేకపోయినా ఇబ్బందిని ఇబ్బందిగా లెక్కించడమే ఆరోగ్యదృష్టి.

ఇక ‘ఎవరూ చావరు’ అన్న మాట. పలుచని వాసన పైఅంతస్తులో ఉన్నప్పుడు, అదే వాయువు తొట్టె లోపల చిక్కగా ఉంటుంది. అది గాలికంటే బరువు కనుక అడుగుననే పేరుకుంటుంది. 10 నుండి 20 పీపీఎం వద్ద కళ్లు మండుతాయి. 100 దాటితే ఘ్రాణశక్తి మొద్దుబారిపోతుంది. 500 నుండి 1,000 మధ్య మనిషి నిమిషాలలో, ఒక్కొక్కప్పుడు రెండు మూడు శ్వాసలలోనే కుప్పకూలుతాడు. కణాలు ఆక్సిజన్‌ను వాడుకునే యంత్రాంగాన్నే ఇది స్తంభింపజేస్తుంది. ఒకడు పడిపోతే రక్షించబోయిన రెండవవాడు, వాడి వెనుక మూడవవాడు పడిపోయిన వార్తలు మనం పత్రికలలో ఎన్నిసార్లు చదవలేదు?

మనుషులను మురుగు కాలువలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి రక్షణ లేకుండా దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఇటువంటి మరణానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగిందంటే మరణాలు ఆగలేదనే అర్థం. ఫిల్టరు డ్రమ్ము కూడ అపాయరహితం కాదు. తడిసిన కార్బన్ మూసిన పాత్రలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. పాత కార్బన్‌ను తోడడానికి ఒక కుర్రవాడిని పారతో లోపలికి దింపే ముందు, ఆ పాత్రలోని గాలిని కొలిచారా అని అడిగే బాధ్యత అతనికి జీతమిచ్చే మనందరిదీ.

ముక్కు సాక్ష్యం చెల్లదు

“మాకు వాసన రావడం లేదే” అని కార్యదర్శిగారు అనవచ్చు. మన ముక్కు 0.01 పీపీఎం వంటి అతిస్వల్ప మోతాదును సైతం పసిగట్టగలదు. కాని అదే వాసనలో కాసేపు ఉంటే దానిని గుర్తించడం మానివేస్తుంది. రోజూ అక్కడే తిరిగేవారికి వాసన తెలియదు. చుట్టపుచూపుగా వచ్చినవారికి గేటు వద్దనే తెలుస్తుంది. మోతాదు ప్రమాదకరమైనప్పుడు ముక్కు పూర్తిగా చేతులెత్తేస్తుంది. కావున ముక్కును సాక్షిగా పిలవడం చెల్లదు, కొలత కావాలి. ఫిల్టరుకు ముందు ఒకచోట, తరువాత ఒకచోట గాలి నమూనా తీసే రంధ్రం ఉంచి, చేతిలో పట్టే చిన్న మీటరుతో వారానికొకసారి చూసి పుస్తకంలో రాయడం బ్రహ్మవిద్య కాదు. పూజగదిలో వెండి కుందులు తోమిన వారానికే నల్లబడుతున్నా, ఏసీలోని రాగి గొట్టాలు తరచూ తూట్లు పడుతున్నా, కొలవవలసిన అవసరం ఉన్నదని ఇల్లే మీకు చెబుతున్నది.

ప్రభుత్వపు కొలతల పట్టిక ఇక్కడ మనకు తోడు రాదు. 2009లో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యత ప్రమాణాలలో 12 కాలుష్యకారకాలు ఉన్నాయి. అమ్మోనియా ఉన్నది, హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. కొలవనిదానికి జవాబు చెప్పవలసిన పని ఎవరికీ లేదు. హైదరాబాదులో 2021లో 3,866 కోట్ల రూపాయల వ్యయంతో, రోజుకు 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో 31 కొత్త శుద్ధి కేంద్రాలను తలపెట్టారు. మూసీ బాగుపడాలంటే, చెరువులు బ్రతకాలంటే అవి కావలసిందే. నేను హర్షిస్తాను. కాని చెరువుగట్టున, కాలనీ నడుమ వెలసే కేంద్రానికి బయటికి వచ్చే నీటి నాణ్యతతోపాటు బయటికి వచ్చే గాలి నాణ్యత కూడ బోర్డు మీద రోజూ రాయాలని ఎందుకు అడగకూడదు?

డబ్బు లేదనే సాకు

మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో తెరిచిన కాలువల దుర్గంధం భరించలేక నివాసులు కోర్టుకెక్కారు. నిధులు లేవని పురపాలక సంఘం వాదించింది. 1980లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు ఆ వాదనను తోసిపుచ్చింది. ప్రజల ఆరోగ్యాన్ని కాపాడే చట్టబద్ధమైన విధికి డబ్బులేమి సాకు కాజాలదన్నది దాని సారాంశం. ఆ కేసుకు ఆధారమైన నిబంధన నేటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షనుగా కొనసాగుతున్నది. ఇటువంటి ప్రజాపీడను తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును కోరే హక్కు మీకున్నది. గాలిని ఆరోగ్యానికి హానికరంగా చేయడం భారతీయ న్యాయ సంహిత 280వ సెక్షను ప్రకారం నేరం కూడ. దానికి జరిమానా 1,000 రూపాయలు మించదు. ఆ అంకెను చూస్తే మన చట్టం గాలికి కట్టిన విలువ తెలుస్తుంది.

అయితే తప్పంతా బిల్డరుదీ, అధికారులదీ అని చేతులు దులుపుకోవద్దు. సర్వసభ్య సమావేశంలో నెలసరి నిర్వహణ రుసుము వంద రూపాయలు పెంచుతామంటే లేచి నిలబడి గొడవ చేసేది మనమే. లిఫ్టు ముందు గ్రానైటుకు, ప్రవేశద్వారం వద్ద ఫౌంటెనుకు ఒప్పుకున్నవారము బ్లోయరు మరమ్మతుకు మాత్రం మూడు కొటేషన్లు అడుగుతాము. మన ఇంటి మలమూత్రాలు ఎక్కడికి పోతున్నాయో తెలియనవసరం లేదనుకోవడమే ఈ దుర్గంధానికి తొలి మూలం. ఆ పైన, ‘ఈ ఎస్‌టీపీయే వద్దు, ట్యాంకరుతో ఎక్కడైనా పారబోద్దాం’ అనేవారు కూడ మనలో ఉన్నారు. ఆ ‘ఎక్కడైనా’ అంటే మరొకరి చెరువు, మరొకరి ముక్కు.

రాబోయే సమావేశంలో అడగండి

బ్లోయర్లు ఇరవైనాలుగు గంటలలో ఎన్ని గంటలు నడుస్తున్నాయి? విద్యుత్ మీటరు దానిని బలపరుస్తున్నదా?

తొట్టెలన్నింటికీ మూతలున్నాయా? లోపలి గాలి పగుళ్లగుండా బయటికి రాకుండా, ఫ్యాను దానిని ఫిల్టరు వైపే లాగుతున్నదా?

డ్రమ్ములో ఉన్నది ఏ రకం కార్బన్, ఎన్ని కిలోలు, ఏ తేదీన నింపినది? తుంపరలను ఆపే ఏర్పాటు ముందున్నదా?

ఫిల్టరు దాటిన గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఎంత? ఆ కొలతల పుస్తకం ఎక్కడున్నది?

తొట్టెలోకి గాని, డ్రమ్ములోకి గాని మనిషి దిగవలసి వస్తే గాలిని కొలిచే మీటరు, బయట కాపలా మనిషి, పైకి లాగే పట్టీ ఉన్నాయా?

ప్రభుత్వ శుద్ధి కేంద్రమైతే ఇవే ప్రశ్నలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుగా రాయండి, పది రూపాయలతో పని జరుగుతుంది. అపార్ట్‌మెంటు అయితే కార్యవర్గానికి ఉత్తరం రాసి, అందినట్లు సంతకం తీసుకోండి. స్ప్రే యంత్రానికి కొత్తగా డబ్బు అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు. ఆ డబ్బుతో ముందుగా ఒక మీటరు కొనమనండి.